చచ్చినవని రాసిన వడ్లు

ఉదయం పదీ నలభైకి టీ వచ్చింది. క్యాంటీన్ మనిషి గ్లాసు బల్లమీద పెట్టి వెళ్ళాడు. ఆ రోజు లెక్కపెట్టాల్సిన శాంపిళ్ళ జాబితా చూసుకుంటున్నాను. మా అటెండరు ఒక స్టీలు పళ్ళెం తెచ్చి గ్లాసు పక్కన పెట్టింది. పళ్ళెంలో తడిగోనె ముక్క, దానిమీద వడ్లు. దాదాపు అన్నిటికీ ఒక కొనన తెల్లటి వేరు, దాని పక్కనే పచ్చటి మొన.

"ఏందక్కా ఇవి?"

"మీరు సచ్చినాయని రాసిచ్చినవి సార్."

ఆ టీ నేను తాగలేదు.

విత్తన పరీక్ష పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకోసం ఇది రాస్తున్నాను. బళ్ళారిలో ఒక పరీక్షాలయంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. జొన్న, పత్తి, పొద్దుతిరుగుడు, మిరప, వరి, అన్నిటి శాంపిళ్ళూ వచ్చేవి. బాగా చేసిన పనులు చాలానే ఉన్నాయి, వాటితో మీకు ఉపయోగం లేదు. రిటైరు కావడానికి మూడేళ్ళ ముందు తప్పుగా చేసిన పని ఒకటి ఉంది. అది చెబుతాను.

కొత్తవాళ్ళు చేరిన రోజున గింజలు పట్టే చిన్న పట్టకారు, చిమటా, చేతికి ఇచ్చేముందు నేను కొన్ని మాటలు నేర్పేవాణ్ణి. అందరూ డిగ్రీలు చదివినవాళ్ళే. గింజ అంటే ఏమిటని అడిగితే మాత్రం తడబడేవాళ్ళు. వడ్లగింజ ఒలిచి, అడుగున ఒక పక్కకు ఉండే తెల్లటి చుక్కను చూపించేవాణ్ణి. అది పిండం. రేపటి మొక్క అంతా అందులో ఉంది. దానిలో కిందికి దిగేది ప్రథమ మూలం, పైకి లేచేది ప్రథమ కాండం. మిగిలిన గింజంతా ఆ పిండానికి తల్లి కట్టిచ్చిన చద్దిమూట. దాన్ని పుస్తకంలో అంకురచ్ఛదం అంటారు, ఇంట్లో అన్నం అంటారు. గింజ ఊపిరి పీలుస్తుంది అంటే నవ్వేవాళ్ళు. చెమ్మ తగిలిన బస్తాలో మోచేతిదాకా చెయ్యి పెట్టమనేవాణ్ణి. లోపలి వేడి తగిలాక నవ్వు ఆగిపోయేది.

చివరగా సుప్తావస్థ. కొత్తగా కోసిన వడ్లు తడిపినా వెంటనే మొలవవు. కోతకు ముందు వాన పడితే వెన్నులోనే మొలకెత్తిపోకుండా మొక్క చేసుకున్న ఏర్పాటది. కొన్ని రకాల్లో పది రోజులు, కొన్నిట్లో రెండు నెలలు. ఆ గింజ బతికే ఉంటుంది, ఊపిరీ పీలుస్తుంది, మొలవదు. కాబట్టి జీవం ఉండటం, మొలవటం ఒకటి కావని చెప్పి పాఠం ముగించేవాణ్ణి. ఈ మాట ఎన్నో ఏళ్ళు, ఎంతోమందికి చెప్పాను.

పరీక్ష పద్ధతి మీకు తెలిసిందే. నాలుగు వందల గింజలను తడికాగితాల మీద వరసలుగా పేర్చి, చుట్టి, వెచ్చటి గదిలో నిలబెడతాం. వరికి పద్నాలుగో రోజున ఆఖరి లెక్క. ఫారంలో మొలిచినవాటికి ఒక గడి, చచ్చినవాటికి ఒక గడి. మూడో గడి బతికుండీ మొలవనివాటికి. మూడో గడిలో ఎక్కువ చేరితే రిపోర్టు ఆపాలి. వడ్లను కొన్ని రోజులు పొడివేడిలో ఉంచి మళ్ళీ మొదటినుంచి పరీక్షించాలి. అంటే ఇంకో మూడు వారాలు.

రెండో గడికీ మూడో గడికీ తేడా కంటికి తెలియదు, నొక్కి చూడాలి. చచ్చిన గింజ మెత్తగా కుంగి పాలలాంటి చీము కారుస్తుంది. బతికున్నది గట్టిగా ఎదురునిలుస్తుంది. మేము చిమటాతో నొక్కేవాళ్ళం. మా అటెండరు చిమటా పట్టేది కాదు. సంగనకల్లు నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి. ఉద్యోగం రాకముందు కూలికి నాట్లు వేసింది, కలుపు తీసింది. కుడి బొటనవేలి గోరు ఒక్కటి పెంచుకునేది, ఈ పనికోసమే. గింజను చూపుడువేలి మీద పెట్టుకుని గోటితో నొక్కి పక్కన వేసేది. మా చిమటాల లెక్క, ఆమె గోటి లెక్క వేరుగా వచ్చిన రోజున మేమే మళ్ళీ లెక్కపెట్టేవాళ్ళం.

ఆ ఏడు వానాకాలంలో నా భార్య పోయింది. బళ్ళారిలోనే ఒక ఆసుపత్రిలో తొమ్మిది రోజులు యంత్రం మీద ఉంచారు. రోజూ పొద్దున డాక్టరు వచ్చి నిన్నటిలాగే ఉందనేవాడు. బంధువులు వరండాలో నా పక్కన కూర్చుని "ఊపిరుండాది కదప్పా, ధైర్యంగా ఉండు" అనేవాళ్ళు. మూడో రోజుకే నాకు తెలిసిపోయింది. తెలిసినా మిగిలిన ఆరు రోజులు కూర్చున్నాను. ఆ తరవాత ఉద్యోగంలో చేరినప్పుడు నేను మామూలుగానే ఉన్నానని అందరూ అన్నారు. మామూలుగా లేను. ఒకచోట కూర్చోలేకపోయేవాణ్ణి. బస్సు రావడం రెండు నిమిషాలు ఆలస్యమైతే నడక మొదలుపెట్టేవాణ్ణి. దేనికైనా అవును అనో కాదు అనో వెంటనే తేలాలి. తేలని కాగితం బల్లమీద ఉంటే ఇంటికి పోలేకపోయేవాణ్ణి.

హచ్చొళ్ళి వైపునుంచి ఒక రైతు ఇల్లాలు శాంపిల్ సంచితో వచ్చింది అప్పుడే. డిసెంబరు మొదటి వారం. నలభై ఏళ్ళుంటాయి. భర్తకు నడుము పడిపోయి మంచంలో ఉన్నాడు, సేద్యం ఆమెదే. వాళ్ళ పొలం కాలువ చివర ఉంది. కింద ఉప్పు తేలి చౌడు పట్టిన మడులు.

"వేరే వడ్లు ఏం ఏసినా ఎర్రబడి పోతాయి సారూ. ఇవి మా మామ కాలంనాటివి. ఉప్పుకు తట్టుకుంటాయి. బియ్యం లావు, అందుకే ఎవురూ కొనరు. తినేదానికి మాకే," అంది.

ఆ ప్రాంతంలోని రైతుల విత్తన సంఘం ఒకటి ఆ వడ్లను ఆ సీజనులో చౌడు మడులున్న ఊళ్ళకు విత్తనంగా పంచుతామని ఒప్పుకుంది. మొలక పరీక్షలో నెగ్గాలన్నదే షరతు. ముందటి పంటకు కాలువ చివరకు నీళ్ళు రాలేదు. దాచిన పాత విత్తనమంతా ఆమె వానాకాలంలో చల్లేసింది. ఇప్పుడు ఇంట్లో ఉన్నది, ఇంకెక్కడా లేనిది, ఆ పంటలో వచ్చిన పదకొండు బస్తాలు.

"మా మరిది మిల్లుకు ఏసేస్తామంటాడు. లారీ ఉండాది వానికి, ఏదైనా ఎక్కించేద్దామనే చూస్తాడు. నీ కాగితం వచ్చేదాకా ఆగురా అని కూకోబెట్టినా. రెండో పంటకు నీళ్ళు వదిల్తాండారు, బిరీన ఇయ్యి సారూ," అంది.

బిరీన, అంటే తొందరగా, అన్న మాట నాకు నచ్చింది.

పద్నాలుగో రోజున కాగితాలు విప్పాం. సగం కూడా మొలవలేదు. మొలవనివాటిలో కొన్ని బూజుపట్టి కుళ్ళాయి. మిగతావి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అటెండరు ఒక్కొక్కటే నొక్కి చూసి రెండు కుప్పలు చేసింది. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

"ఇవి గట్టిగుండాయి సార్. కొత్త వడ్లు కదా, ఇంకా లేసే దినం రాలేదు. మూడో దాంట్లో రాయల్ల," అంది పెద్ద కుప్పను చూపిస్తూ.

"పద్నాలుగు రోజులైంది కదక్కా. లేసేవైతే లేసేవి," అన్నాను.

"అట్లెట్ల సార్? మీరే చెప్తారు కదా పిల్లోళ్ళకు..."

"ఇంకో మూడు వారాలా? నీళ్ళు వదిలేశారు. ఆమె బిరీన కావాలంది. మొలవంది చచ్చినట్టే."

ఆమె కాగితాలు నా వైపు జరిపింది. నేను రెండు కుప్పలనూ ఒకే గడిలో కలిపి రాశాను. రెండో పంట ముంచుకొస్తోంది, యాభై శాంపిళ్ళు ఎదురుచూస్తున్నాయి అని మనసులో లెక్క చెప్పుకున్నాను. అదీ నిజమే, కానీ కారణం కాదు. ఆ మూడో గడి నాకు చూడబుద్ధి కాలేదు. బతికే ఉంది, ఏమీ కదలడం లేదు, ఇంకా ఆగండి. ఆ మాటలు వరండాలో విని విని వచ్చినవాణ్ణి. మళ్ళీ ఎవరిచేతా వాటిని అనిపించుకోదలచుకోలేదు. పేదరాలైన ఒక రైతుకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఆశ పెట్టి కూర్చోబెట్టకుండా తేల్చి చెబుతున్నాను కదా.

రిపోర్టు ఆ సాయంత్రమే పోయింది. నా ఉద్యోగంలో నేను ఒక్కరోజు కూడా ఆలస్యం చేయని రిపోర్టుల్లో అదొకటి.

ఇది జరిగిన తొమ్మిదో రోజున పళ్ళెం నా బల్లమీదికి వచ్చింది. పారెయ్యమన్న పెద్ద కుప్పను ఆమె తడిగోనెలో చుట్టి, పొడివేడి ఓవెన్ పైన వెచ్చగా ఉండేచోట పెట్టింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కడిగినప్పుడల్లా దానిమీద రెండు గుక్కల నీళ్ళు చల్లింది.

శాంపిల్ సంచిమీది నంబరుకు ఫోన్ చేశాను. రైతు ఇల్లాలే ఎత్తింది.

"అమ్మా, ఆ వడ్లు ఉన్నాయా?"

"యాడివి సారూ? నీ కాగితం వచ్చినాక మా మరిది ఆగితే కదా. మొన్న సిరుగుప్పకు మిల్లుకు ఏసుకపాయె."

"అమ్మినారా?"

"మిల్లుకు పోయేది చూసేదానికా? ఏం, ఏమాయె?"

నేను ఏమైందో చెప్పకుండా ఫోన్ పెట్టేశాను. అది నేను చేసిన రెండో తప్పు.

అటెండరును వెంటబెట్టుకుని బస్సెక్కాను. సెలవు చీటీ రాయలేదు. సిరుగుప్ప దాకా దారి పొడుగునా లేచి డ్రైవరు దగ్గరికి వెళ్ళి ముందుకు చూసి మళ్ళీ వచ్చి కూర్చున్నాను. రెండోసారికి కండక్టరు "కూకోప్పా, నువ్వు నిలబడితే బస్సేమన్నా ఉరుకుతాదా?" అన్నాడు. జనం నవ్వారు. కూర్చున్నాను.

"నువ్వు ఆ రోజు గట్టిగా చెప్పి ఉండాల్సింది అక్కా," అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"చెప్తిని కదా సార్."

"ఇంకోసారి చెప్పాల్సింది."

ఆమె కిటికీలోంచి చూస్తూ అంది. "మీ మొగం చూసి చెప్పలేకపోతి. ఆ నెలల్లో ఎవురన్నా ఏదన్నా ఇంగొంచెం ఆగమంటే మీరు అరిచేవాళ్ళు. మన ఆఫీసరు సాహేబు మింద కూడా అరిచింటిరి. సరే, కాగితం మీది, గింజలు నాయి అని ఇంటికి పోతి."

మిల్లు దగ్గర ఆవిరి వాసన రోడ్డుదాకా వస్తోంది. ఆ మిల్లులో వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తారు. లెక్కలు రాసే రైటరు సిమెంటు కళ్ళం పక్కన కుర్చీ వేసుకుని ఉన్నాడు. పదకొండు బస్తాల సంగతి అడిగాను.

"హచ్చొళ్ళి పక్క లావు వడ్లా? లారీ ఆయప్పవి? నిన్న రాత్రే ఆవిరికి పాయె కదా. ఆడ ఆరతాండాయి సూడు. ఏం సార్, కల్తీ కేసా?"

"కాదు."

"మరి పరిగెత్తుకొస్తిరే?"

కళ్ళంమీద ఆ వడ్లు వేరే నలుగురైదుగురు రైతుల వడ్లతో కలిసి ఆరుతున్నాయి. అటెండరు వంగి ఒక లావు గింజ ఏరింది. చూపుడువేలి మీద పెట్టుకుని గోటితో నొక్కింది. ఇంకొకటి నొక్కింది. మూడోది నొక్కింది.

"ఇవి సచ్చినాయి సార్," అంది.

రైటరు ఆమెను చూసి నవ్వాడు. "ఉడకబెట్టినాక సావకుండా ఉంటాయా తల్లీ!"

అక్కడినుంచి తిరిగి బళ్ళారికి రావచ్చు. నేను అదే అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "ఆయమ్మ నోటితో నాలుగు తిట్లు పడి పోదాం సార్. పడకుంటే మీకు నిద్ర రాదు, నాకూ రాదు."

ఆమె చెప్పినట్టే హచ్చొళ్ళి బస్సెక్కి దిగి, ఆటోలో పొలానికి పోయాం. ఆ రైతు ఇల్లాలు మడి గట్టుమీద ఉంది. అంగడినుంచి తెచ్చిన విత్తనాల పాకెట్లు నారుమడి పక్కన పడి ఉన్నాయి. పైన చౌడు మడుల్లో నీళ్ళు నిలిచి, అంచులన్నీ తెల్లగా పేలి ఉన్నాయి. నేను జరిగింది చెప్పాను. గట్టిగా ఉన్న గింజలను చచ్చినవాటిలో కలిపి రాశానన్నాను. అవి మొలిచాయన్నాను. ఆమె పూర్తిగా విన్నది.

"ఏంది సారూ, సచ్చినాయని నువ్వే రాసిచ్చి, ఇప్పుడు బతికుండాయని నువ్వే వస్తావా? ఏదో ఒకటి అనుకుని ఉండరాదూ?" అంది.

ఆమె గట్టు దిగి నా ముందుకు వచ్చింది.

"కొత్త వడ్లు పడుకోనుంటాయని మాకు తెలీదనుకుంటివా? మా అత్త గాదెకింద బూడిదేసి నెల పెట్టేది. నాకు తెలుసు. తెలిసి గూడా, సదువుకున్నోడు నాలుగు నూర్లు ఎంచి చూసినాడు కదా, ఈసారి ఏదో తెగులు తగిలిందేమో అనుకుంటి. మా మామ మాట ఇడిచి నీ కాగితం మాట ఇంటి."

తరవాత అటెండరు వైపు తిరిగింది. "నువ్వేనా మొలకలు కట్టింది? ఏ ఊరు మీది?" ఇద్దరూ ఊళ్ళూ చుట్టాలూ మాట్లాడుకున్నారు. నన్ను వదిలేశారు. తిట్లు పడి ఉంటే తేలికగా ఉండేది.

మర్నాడు మా పైఅధికారి దగ్గరికి వెళ్ళి, రిపోర్టు తప్పు, సవరించి పంపాలి అన్నాను. ఆయన ధారవాడ వైపు మనిషి, చెడ్డవాడు కాదు. నెమ్మదిగా తలుపు మూసి వచ్చాడు.

"బిడప్పా, వదిలెయ్. మిల్లుకు పోయిన వడ్లకు కరెక్షను యాకె, దేనికి? నీకు మనసు బాగలేదు ఆ నెల, నాకు తెలుసు. నేను ఏం అడగను, నువ్వు ఏం రాయొద్దు."

నాకు ఆ దయ అక్కర్లేదన్నాను. భార్య పోయిన కారణంగా అని రాయమన్నాడు, అలాగైతే చిన్న మెమోతో పోతుందన్నాడు. అదీ రాయలేదు. గట్టి గింజలను చచ్చిన గింజల్లో కలిపాను అని ఒక వాక్యం రాసి సంతకం పెట్టాను. మెమో పెద్దదే వచ్చింది. నాకు రావాల్సిన మెమోల్లో అదొక్కటే సరిగా వచ్చిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంకో పని కూడా చేశాను. పరీక్షకు తీసిన తరవాత మిగిలిన శాంపిల్‌ను ఒక ఏడాది తాళం వేసి ఉంచాలి. ఎవరైనా రిపోర్టును ప్రశ్నిస్తే అదే సాక్ష్యం. బయటికి ఇవ్వకూడదు. ఆ పదకొండు బస్తాల్లో మిగిలింది ఆ గుడ్డసంచిలోని అరకిలో మాత్రమే. దాన్ని పొడివేడిలో పెట్టి, నేనే తీసుకెళ్ళి ఆమె చేతికిచ్చాను. మెమోలో రెండో పేరా దాని గురించే.

ఆమె సంచి విప్పి, వాసన చూసి, మూతి ముడివేసింది. "ఒక మూలకు వస్తాయి. చూస్తాం," అంది.

నారు పోసింది, నాటింది కూడా. చౌడు మడి మూలలో పచ్చగా నిలిచిందని ఫోనులో అటెండరుకు చెప్పేది, నాకు కాదు. అయితే అందరి నాట్లూ అయ్యాక నెలకు నాటిన వరి అది. చుట్టూ కోతలు పూర్తయి పొలాలన్నీ ఖాళీ అయ్యాక ఆ మూల ఒక్కటీ పాలుపోసుకుంది. ఊరి పిట్టలన్నీ దానిమీదే వాలాయి. పాత చీర కప్పింది, డబ్బా కొట్టింది, మంచంలోని మనిషికి నీళ్ళివ్వడానికి ఇంటికి పోయినప్పుడల్లా అవి దిగాయి. ఆఖరికి దోసెడు మిగిలాయి. వాటిని కుండలో పెట్టి మూతికి పేడ అలికింది.

వానాకాలం వచ్చేలోపు అన్నదమ్ములు భాగాలు పంచుకున్నారు. చౌడు మడులు మరిదికి పోయాయి. ఆమెకు వచ్చిన భాగం మంచి నేల, అక్కడ అందరూ వేసే సన్నవడ్లే పండుతాయి. దోసెడు లావు వడ్లను ఒక మూల చల్లుకుంటే పక్క మడికి కల్తీ అవుతుందని పొరుగువాళ్ళు ఒప్పుకోలేదు.

చదివేవాళ్ళకు నా సలహా ఏమీ లేదు. పాఠంలో చెప్పేవాటిని పని చేసేచోట నమ్మడం వేరే చదువు, అది నాకు ఆలస్యంగా వచ్చింది. ఆసుపత్రిలో ఆ తొమ్మిది రోజుల్లో వాళ్ళు నన్ను ఆగమన్నది తప్పు. పరీక్షాలయంలో ఆ పద్నాలుగో రోజున మా అటెండరు ఆగమన్నది ఒప్పు. ఈ రెండిటినీ వేరు చేయడానికి గింజను ఒక్కసారి నా వేలితో నేను నొక్కి ఉంటే సరిపోయేది.

రిటైరైన తరవాత కంప్లికి ఒక పెళ్ళికి పోతూ దారి తప్పించి ఆ పొలం చూశాను. మరిది చౌడు మడుల్లో ఎర్రమట్టి తోలి చదును చేశాడు. మూడు లారీలు నిలిపి ఉన్నాయి, ఒకడు టైరు విప్పుతున్నాడు. ఆ నేలలో ఇప్పుడు వరి వేయడం లేదు.